తుంగభద్ర శీతకాలపు నీరు: నమూనా వంతెన కోసం కొన్న రెసిన్ కిట్టు, వెదరింగ్ (పాతబడిన తీరు చూపించే) రంగులపై సమీక్ష

వంతెన నమూనా కింద నీరు చూపించడానికి, పోశాక అద్దంలా తేటగా గట్టిపడే ఎపాక్సీ రెసిన్ ద్రవాన్ని కొనాలా వద్దా అని అడిగేవారికి నా సమాధానం ముందే చెబుతాను. కొనవచ్చు, అది డబ్బుకు తగిన సరుకే. అయితే కర్నూలు లాంటి ఊళ్ళో దాన్ని నడి వేసవిలో పోయకూడదు, లేబుల్ మీద రాసినంత మందంగా పోయకూడదు, ఎర్రటి వరద నీటిని చూపించడానికి అసలే వాడకూడదు. ఈ మూడు షరతులనూ నేను ఒక నమూనాను పూర్తిగా పాడుచేసుకున్న తరువాత తెలుసుకున్నాను. అందుకే సరుకు గుణదోషాలతో పాటు దాన్ని వాడిన తీరును కూడా కొంత వివరంగా రాస్తున్నాను.

నా నమూనా 1:87 స్కేలులో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా ఉంది. రైలు నమూనాలు కట్టేవారు దీన్నే హెచ్‌ఓ స్కేలు అంటారు. మన రైల్వేలో ప్లేట్ గర్డర్లకు (వంతెన బరువు మోసే ఉక్కు దూలాలకు) ఉన్న ప్రామాణిక పొడవుల్లో ఒకటి 18.3 మీటర్లు, అంటే పాత లెక్కలో 60 అడుగులు. ఈ స్కేలులో అది సుమారు 210 మిల్లీమీటర్లు అవుతుంది. అలాంటి గర్డర్లు రెండు, మధ్యలో ఒక రాతి పిల్లరు, రెండు చివరలా గట్టుగోడలు కలిపి 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద అమర్చాను. ఇది ఏ ఒక్క వంతెనకూ నకలు కాదు. రాళ్ళ వరుసలు, సున్నం కారిన చారలు, పాచి పట్టిన మట్టాలు మాత్రం తుంగభద్ర మీది వంతెనల దగ్గర, హంద్రీ మీదుగా కె.సి. (కర్నూలు-కడప) కాలువను దాటించే ఆక్విడక్టు దగ్గర నిలబడి చూసి రాసుకున్నవి. నేను ఎంచుకున్న కాలం డిసెంబరు. వరదలు తగ్గి, ఇసుక మేటలు బయటపడి, పిల్లరు చుట్టూ ఆకుపచ్చని మడుగు మిగిలిన తుంగభద్ర అది. నీరు నిలిచే భాగం 30 సెంటీమీటర్లకు 20 సెంటీమీటర్లు. మిగతాదంతా ఇసుక, బండలు.

కిట్టును మా ఊళ్ళోనే చేతిపనుల సామాను అమ్మే ఒక దుకాణంలో 1,250 రూపాయలకు కొన్నాను. అందులో కిలో రెసిన్ సీసా ఒకటి, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అర కిలో సీసా ఒకటి ఉంటాయి. బరువులో రెండు పాళ్ళ రెసిన్‌కు ఒక పాలు హార్డెనర్ కలపాలి. ఈ నిష్పత్తిలో, పల్చని తేనెలా జారే చిక్కదనంతో కళాకృతుల కోసం అమ్మే రెసిన్ ఏ పేరుతో దొరికినా ఇక్కడ రాసినదంతా దానికీ వర్తిస్తుంది. సీసాలో చూస్తే రెసిన్ రంగేమీ లేకుండా తేటగా ఉంది. హార్డెనర్‌లో లేత పసుపు ఛాయ ఉన్నా, కలిపి పల్చని పొరగా పోసిన తరువాత అది కంటికి ఆనలేదు.

కిట్టుతో పాటు గీతలు ఉన్న ఒక కొలత గ్లాసు ఇచ్చారు. నా దృష్టిలో ఈ గ్లాసు కొనేవారికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. లేబుల్ మీద నిష్పత్తి బరువులో రాసి, చేతికి మాత్రం ఘనపరిమాణం కొలిచే గ్లాసు ఇస్తే, కొత్తవారు గీతలనే నమ్ముతారు. రెసిన్, హార్డెనర్ సాంద్రతలు ఒకటి కావు కాబట్టి గీతల లెక్క బరువు లెక్కకు సరిపోదు. నేను గ్లాసుతో కొలిచి కలిపిన మొదటి ముద్ద వారం దాటినా వేలికి అంటుకుంటూనే ఉంది. ఇలా జిగటగా మిగిలిన రెసిన్‌పై మరికొంత హార్డెనర్ పోస్తే బాగుపడుతుందని కొందరు అనుకుంటారు గాని, అది బాగుపడదు, గీకి పారేయవలసిందే. ఆ తరువాత బంగారు పనివారు వాడే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొన్నాను. దానితో కొలిచిన పాళ్ళలో ఒక్కటి కూడా గట్టిపడకుండా పోలేదు. రెసిన్ కొనే డబ్బులోనే త్రాసుకు కూడా కొంత తీసి ఉంచుకోవాలని నా సలహా.

అసలు నష్టం మే నెలలో జరిగింది. లేబుల్ మీద ఒక పొర 12 మిల్లీమీటర్ల దాకా పోయవచ్చని ఉంది. ఏ ఉష్ణోగ్రతలో అన్నది మాత్రం లేదు. మధ్యాహ్నం మూడు గంటలకు గది లోపల 38 డిగ్రీలు ఉన్నప్పుడు, పిల్లరు చుట్టూ ఒకే పొరగా పోశాను. రెసిన్ గట్టిపడటం వేడిని పుట్టించే రసాయన చర్య. ఆ వేడి పల్చని పొరలో నుంచి గాలిలోకి పోతుంది, మందమైన పొరలో లోపలే చిక్కుకుంటుంది. చిక్కుకున్న వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది, అది మళ్ళీ ఇంకా వేడిని పుట్టిస్తుంది. ఇలాంటి చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. 25 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు చేతిలో ఉండే రెసిన్, మన వేసవి గదిలో పదిహేను ఇరవై నిమిషాలకే చిక్కబడటం మొదలుపెడుతుంది. నేను పోసిన మడుగు అరగంటలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. సాయంత్రానికి దాని మధ్యలో మూడు పగుళ్ళు, అంచుల్లో పసుపు రంగు తేలాయి. ప్లాస్టిక్ షీటుతో కట్టిన పిల్లరు అడుగు వంగిపోయింది. ఆరు వారాల పని ఒక్క మధ్యాహ్నంలో పోయింది. కలిపిన గ్లాసులో మిగిలిన కొద్ది రెసిన్ సైతం పొగలు కక్కేంత వేడెక్కింది కాబట్టి, మిగిలినదాన్ని గ్లాసులో అలాగే వదలకుండా వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరచడం క్షేమం.

ఈ నష్టంలో నా తొందరపాటు ఉంది, దాన్ని దాచను. కానీ వేడి ప్రాంతాల్లో అమ్మే సరుకు మీద ఉష్ణోగ్రత చెప్పకుండా మందం ఒక్కటే చెప్పడం పెద్ద లోపమనే నేను గట్టిగా అనుకుంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం కర్నూలులో విశేషమేమీ కాదు. ఒక్క వాక్యం అదనంగా అచ్చు వేసి ఉంటే సరిపోయేది.

రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు రెసిన్ జోలికి పోకుండా ముందు నది అడుగును చూసుకున్నాను. ఈ సమీక్ష చదివేవారు మరేది మరచినా ఇది మరవకూడదని కోరుకుంటున్నాను. నమూనాలో నీటి రంగు రెసిన్‌లో ఉండదు, దాని కింద వేసిన రంగులో ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే డిసెంబరు తుంగభద్రలో అంచున తడి ఇసుక రంగు, రెండడుగులు లోపలికి పోతే పాచి కలిసిన లేత ఆకుపచ్చ, పిల్లరు మొదట్లో వరద తొలిచిన గుంత దగ్గర దాదాపు నలుపు కనిపిస్తాయి. నీలం ఎక్కడా లేదు. ఆకాశపు నీలం పైపొర మీద మెరుపుగా తనంతట తానే పడుతుంది, దాన్ని రంగుగా పూస్తే నది కాస్తా ఈత కొలనులా తయారవుతుంది.

అడుగు రంగుకు కేమెల్ అక్రిలిక్ రంగుల్లో రా సియెన్నా (పసుపు గోధుమ), రా అంబర్ (ముదురు గోధుమ), ఆలివ్ ఆకుపచ్చ, కొద్దిగా నలుపు చాలాయి. రంగులు ఒకదానిలో ఒకటి కరిగిపోయేలా తడి మీద తడిగా, లోతు పెరిగేకొద్దీ ముదురుగా వేశాను. ఇక్కడ కాంతి శాస్త్రం ఒకటి గుర్తుంచుకోవాలి. గట్టిపడిన ఎపాక్సీ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) దాదాపు 1.5, నీటిది 1.33. ఏ పారదర్శక పదార్థంలోనైనా పై నుంచి చూసినప్పుడు అడుగు నిజమైన లోతు కన్నా పైకి కనిపిస్తుంది. రెసిన్‌లో ఆ ప్రభావం నీటి కన్నా ఎక్కువ. 9 మిల్లీమీటర్ల రెసిన్ కంటికి 6 మిల్లీమీటర్ల లోతుగానే తోస్తుంది. కాబట్టి గుంత రంగును మనసుకు సరిపోయిందనుకున్న దాని కన్నా ఒక మెట్టు ముదురుగా వేయాలి. నేను రెండు మెట్లు ముదురుగా వేశాను, అదే సరిపోయింది.

ఇసుక విషయంలో నది ఇసుకనే వాడాలన్న కోరిక నాకూ ఉండేది. అయితే 1:87 స్కేలులో ఒక మిల్లీమీటరు రేణువు దాదాపు 9 సెంటీమీటర్ల రాయి అవుతుంది; తెచ్చిన ఇసుకను అలాగే చల్లితే మేట కాస్తా కంకర కుప్పగా కనిపిస్తుంది. పల్చని నూలు గుడ్డలో జల్లించిన ముగ్గుపిండికి రా సియెన్నా, చిటికెడు నలుపు కలిపి ఆరబెట్టి, మళ్ళీ నూరి జల్లిస్తే ఈ స్కేలుకు సరైన ఇసుక అవుతుంది. నీటి అంచున మాత్రం జల్లించగా గుడ్డలో మిగిలిన ముతక ఇసుకను గులకరాళ్ళుగా వాడాను. ఇవన్నీ నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అంటించి, ఎండిన తరువాత రెండు పూతల వార్నిష్ వేశాను. ఈ వార్నిష్ పూత తప్పనిసరి. గుల్లగా ఉన్న ఇసుకలో, ప్లాస్టర్‌లో చిక్కిన గాలి రెసిన్ పోసిన గంట దాకా బుడగలై పైకి వస్తూనే ఉంటుంది. పైగా వార్నిష్ లేని పొడి ఇసుక రెసిన్ పీల్చుకుని అనుకోనంత నల్లబడుతుంది.

పిల్లరు అడుగు భాగం మీద పాచి, ఒండ్రు మరకలు వేయడం కూడా ఈ దశలోనే పూర్తి చేయాలి. రెసిన్ పోసిన తరువాత అక్కడికి కుంచె చేరదు.

పోత డిసెంబరులో, పగలు పదకొండు గంటలకు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు మొదలైంది. నేల మీద పరచగా మిగిలిన బేతంచెర్ల నాపరాయి పలక ఒకటి ఇంట్లో ఉంటే దాన్నే పనిబల్లగా చేసుకున్నాను. చదునైన, బరువైన, కదలని ఆ బండను మించిన ఆధారం ఈ పనికి దొరకదు. మేస్త్రీలు వాడే రసమట్టం రెండు దిక్కులా పెట్టి, ఒక మూల కింద మడిచిన కాగితం దోపి సమం చేశాను. నీరు బయటికి పోకుండా పలక అంచుల్లో ప్లాస్టిక్ పట్టీలు నిలబెట్టి, వాటి లోపలి వైపు ప్యాకింగ్ టేపు అంటించాను. ఎపాక్సీ ఆ టేపును పట్టుకోదు, గట్టిపడిన తరువాత పట్టీ సులువుగా ఊడి వస్తుంది. పట్టీ, పలక కలిసే చోట సన్నని సందు మిగిలితే రెసిన్ రాత్రంతా కారి పొద్దున్నే నేల మీద కనిపిస్తుంది కాబట్టి సిలికాన్ పూసి ఒక రోజు ఆరనిచ్చాను.

600 చదరపు సెంటీమీటర్లకు 3 మిల్లీమీటర్ల పొర అంటే 180 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 200 గ్రాములు. 133 గ్రాముల రెసిన్, 67 గ్రాముల హార్డెనర్ తూచి, గ్లాసు అడుగు, గోడలు గీకుతూ నాలుగు నిమిషాలు నిదానంగా కలిపాను. మొదట కలిపినప్పుడు చక్కెర పాకంలో కనిపించే తీగల్లాంటివి మిశ్రమంలో కనిపిస్తాయి. అవి పూర్తిగా పోయేదాకా ఆపకూడదు. ఆ తరువాత ఇంకో శుభ్రమైన గ్లాసులోకి వంచుకుని మరో నిమిషం కలిపితే గోడలకు అంటి కలవకుండా మిగిలే భాగం బెడద ఉండదు. మొదటి పొరలో పళ్ళుకుట్టే పుల్ల మొనకు అంటినంత ఆలివ్ రంగు మాత్రం కలిపాను. అక్రిలిక్ రంగులో నీరు ఉంటుంది, ఎక్కువైతే రెసిన్ గట్టిపడటం చెడుతుంది.

పోసిన రెసిన్ తనంతట తానే పరచుకుంది. ఈ గుణంలో ఈ కిట్టుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ముతక ఇసుక మధ్య సందుల్లోకి, పిల్లరు రాళ్ళ మూలల్లోకి ఎవరూ నెట్టకుండానే చేరింది. పది నిమిషాల తరువాత పిల్లరు ఎగువ మొన దగ్గర ఆవగింజలో సగమంత బుడగలు వరుసగా నిలిచాయి. జుట్టు ఆరబెట్టే యంత్రం వాడితే గాలి విసురుకు దుమ్ము పడుతుంది, రెసిన్ కూడా అలలుగా కదులుతుంది. వంటింటి లైటర్ మంటను నాలుగు అంగుళాల ఎత్తున ఒక్క క్షణం ఆడించి తీసేస్తే చాలు, బుడగలు టపటపా పేలిపోయాయి. మంట ఒకేచోట ఆగితే రెసిన్ కాలి పసుపెక్కుతుంది. వెంటనే పైన అట్టపెట్టె బోర్లించాను. మన ఊరి దుమ్ము, సాయంత్రం దీపం చుట్టూ చేరే పురుగులు, ఈ రెండింటికీ తడి రెసిన్ అంటే ఎక్కడ లేని ఇష్టం.

మరునాటికి పొర గోటికి గట్టిగా తగిలింది. దాని మీద 400 నంబరు ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, తుడిచి, రెండో పొర పోశాను. రుద్దినప్పుడు పొర మసకబారి గుండె జారినట్టవుతుంది గాని, కొత్త రెసిన్ ఆ గీతల్లో నిండగానే మసక పూర్తిగా మాయమవుతుంది. రెండో పొరలో రంగు సగానికి తగ్గించాను, మూడో పొరను తేటగా వదిలాను. రెండో, మూడో పొరల మధ్య రెండు ఎండుటాకు ముక్కలు, ఒక సన్నని పుల్ల పెట్టాను. అడుగున పడ్డ వాటి నీడ మొదటి పొర మీద కనిపించినప్పుడు మాత్రమే ఇది నీరు అని నాకు నమ్మకం కుదిరింది. మూడు పొరలు కలిపి 9 మిల్లీమీటర్లు. ఈ స్కేలులో అది నడుము లోతుకు కొంచెం తక్కువ నీరు. మొత్తం 600 గ్రాములు ఖర్చయింది. ఎక్కడా వేడి పుట్టలేదు, పగుళ్ళు లేవు.

గట్టిపడిన రెసిన్ ఉపరితలం అద్దంలా ఉంటుంది. గాలి లేని మడుగుకు అది సరిపోతుంది గాని పిల్లరు చుట్టూ నీరు అలా ఉండదు. ఈ మాట నాకు నది దగ్గర పుట్టి నడిపే ఒక పెద్దాయన చెప్పాడు. ఫోన్‌లో నా నమూనా ఫోటో చూసి, "పిల్లరు ముందర నీళ్ళు ఎగసి నిలబడతాయి సార్, ఎనక గుంత పడతాది. ఆ గుంతలో చెత్త తిరుగుతా ఉంటాది. మీ దాంట్లో నీళ్ళకు ఎగువ దిగువ తెలీడం ల్యా" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. పారే నీటికి దిక్కు ఉంటుంది. ఆ దిక్కు తెలిసేది పిల్లరు దగ్గరే.

ఆ లోటును రెసిన్ తీర్చలేదు, దానికి చిక్కని, మెరుపునిచ్చే జెల్ మీడియం కావాలి. పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకంగా మారే అక్రిలిక్ ముద్ద అది. పిల్లరు ఎగువ మొనకు ఆనించి ఒక మిల్లీమీటరు ఎత్తు గట్టు, రెండు పక్కల నుంచి దిగువకు విచ్చుకుంటూ పోయే రెండు పల్చని గీతలు, వాటి మధ్య వేలి కొనతో తట్టిన చిన్న చిన్న అలలు వేశాను. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటేనే దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల అల. చాలా నమూనాల్లో నీరు సముద్రంలా కనిపించడానికి కారణం అలల ఎత్తు అదుపు తప్పడమే. ఎండిన తరువాత అలల కొనల మీద దాదాపు పొడిగా ఉన్న కుంచెతో తెలుపు తాకీ తాకనట్టు లాగాను. పిల్లరు వెనక సుడిలో చిటికెడు వాడేసిన టీపొడిని జల్లించి చెత్తగా తిప్పాను.

ఒకే సీసాలో, కలపనవసరం లేకుండా వచ్చే అక్రిలిక్ నీళ్ళతో పోలిక అడిగేవారు ఉంటారు. వుడ్‌లాండ్ సీనిక్స్ వారి రియలిస్టిక్ వాటర్ ఆ రకం. 473 మిల్లీలీటర్ల సీసా, ఒక పొర 3 మిల్లీమీటర్లకు మించకుండా, పొరకు పొరకు మధ్య 24 గంటల వ్యవధి ఇవ్వాలని దాని నియమం. తూచే పని, వేడి భయం, ఘాటు వాసన ఉండవు కాబట్టి పిల్లలతో కలిసి పనిచేసేవారికి అదే మేలు. ఆ జాతి ద్రవాలన్నీ నీరు ఆవిరై ఆరతాయి గనుక కొంత కుంగడం, గోడలు, పిల్లర్ల అంచులకు పాకడం వాటి స్వభావం. లోతైన మడుగుకు రెసిన్, అంగుళం వెడల్పు వాగుకు అక్రిలిక్ అని నేను విడదీసుకున్నాను.

ఇక జూలై, ఆగస్టు నెలల వరద నీరు. ఎగువన తుంగభద్ర డ్యాం నిండి, గేట్లు ఎత్తినప్పుడు కర్నూలు దగ్గర పారే నీటిలో అరచెయ్యి లోతున ఉన్న రాయి కూడా కనిపించదు. కనిపించని అడుగును చూపించడానికి పారదర్శకమైన రెసిన్ ఎందుకు? వరదను చూపాలనుకునేవారు ప్లాస్టర్‌తో అలలు మలిచి, ఎర్రమట్టి రంగులు పూసి, పైన రెండు మూడు పూతల మెరిసే వార్నిష్ వేస్తే రెసిన్ ఖర్చులో నాలుగో వంతుకే, దానికన్నా నిజమైన నీరు వస్తుంది.

వెదరింగ్ కోసం టమియా వారి వెదరింగ్ మాస్టర్ సెట్లు ఏ, బీ రెండూ తెప్పించాను. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బీలా ఉండే పెట్టెలో మూడు రంగుల బిళ్ళలు, ఒకవైపు స్పాంజి, మరోవైపు కుంచె ఉన్న చిన్న పుల్ల ఉంటాయి. సెట్ ఏ లో ఇసుక, లేత ఇసుక, బురద. సెట్ బీ లో మంచు, మసి, తుప్పు. బిళ్ళలో కొద్దిపాటి జిగురు తనం ఉండటం వల్ల పొడి రాలిపోదు, తాకిన చోట నిలుస్తుంది. అదే దీని గొప్ప. మన నేలకు మంచు రంగు ఎందుకని మొదట అనుకున్నాను గాని, రాళ్ళ అతుకుల నుంచి సున్నం కారిన తెల్లని చారలకు, గూళ్ళు కట్టిన పావురాల రెట్టల మరకలకు నేను ఎక్కువగా వాడింది దాన్నే. రాతి పిల్లరు మొత్తానికి అది చాలదు, బిళ్ళలు చిన్నవి. విశాలమైన భాగాలకు సుద్దముక్కల్లాంటి సాఫ్ట్ పేస్టల్ కడ్డీలను ఉప్పుకాగితం మీద గీకిన పొడి, నూలు గుడ్డలో జల్లించిన ఇటుక పొడి వాడి, పైన మెరుపు లేని (మ్యాట్) వార్నిష్ పల్చగా చల్లాను. వార్నిష్ పడగానే పొడి రంగు సగానికి సగం తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను ముందే లెక్కవేసి కొంచెం ఎక్కువగా వేయాలి.

గర్డర్ల విషయంలో ఒక పొరపాటు తరచుగా చూస్తున్నాను. వంతెన పాతది అని చెప్పడానికి ఇనుము మొత్తానికి తుప్పు రంగు పూస్తారు. మన రైల్వే గర్డర్లకు ఎక్కువగా అల్యూమినియం రంగు వేస్తారు, దాన్ని వాడుకలో ఉన్నన్నాళ్ళు మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంటారు. తుప్పు నీరు నిలిచే చోటే మొదలవుతుంది: కింది పట్టీ పై అంచున, నిలువు బిగింపుల మొదట్లో, రివెట్ల వరుస కింద, పిల్లరు మీద గర్డరు ఆనే దిమ్మల దగ్గర. అక్కడి నుంచి సన్నని చారగా కిందికి జారి, దాని కింద ఉన్న రాతి మీద కూడా గోధుమ మరక వదులుతుంది. నేను మసక వెండి రంగు వేసి, ఆ నాలుగు చోట్లే తుప్పు బిళ్ళను కుంచెతో తాకించి, తడి కుంచెతో ఒక్కసారి కిందికి లాగాను. పట్టాల కింద, బ్రేకుల ఇనుప పొడి పడే చోట మసి, తుప్పు కలిపి పల్చగా రుద్దాను. ఒక్కో గర్డరుకు రెండు సాయంత్రాలు పట్టింది.

వాడకంలో జాగ్రత్తలు కొన్ని. హార్డెనర్ చర్మానికి పదే పదే తగిలితే దద్దుర్లు రావచ్చు, కాబట్టి నైట్రైల్ తొడుగులు లేకుండా సీసా మూత తీయకూడదు, కిటికీ మూసిన గదిలో కలపకూడదు. వానల రోజుల్లో పోస్తే పైన జిడ్డు పొర తేలవచ్చు. సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగితే అది పోతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టిన నమూనా ముక్క ఏడాదిలో స్పష్టంగా పసుపెక్కింది, బీరువాలో ఉంచినది అలాగే ఉంది. కిట్టులో మిగిలిన రెసిన్‌ను మూత చుట్టూ తుడిచి బిగించి చీకటి అలమరలో పెట్టాను.

చివరగా ఒక గీత గురించి చెప్పాలి. గట్టుగోడ మీద, డిసెంబరు నీటికి చాలా ఎత్తున, 2009 అక్టోబరు వరద గుర్తుగా ఒండ్రు ఎండిన పట్టీ ఒకటి వేయాలనుకున్నాను. ఆ వరద పోయిన తరువాత మా ఊరి గోడల మీద మిగిలిన మట్టం గీతలు చూసినవారికి దాని రూపం తెలుసు. పై అంచు దారం పట్టి గీసినట్టు సూటిగా ఉంటుంది, కింది అంచు మెల్లగా గోడ రంగులో కలిసిపోతుంది. సన్నని టేపు అడ్డంగా అంటించి, దాని కింద సెట్ ఏ లోని లేత ఇసుక రంగును స్పాంజితో రుద్ది, టేపు తీసేసి, కింది భాగాన్ని వేలితో చెరిపాను. పది నిమిషాల పని. నమూనా చూడటానికి వచ్చిన మా వీధివారు నీటిని చూసే ముందే ఆ గీత మీద వేలు పెట్టి, తమ ఇంట్లో అది ఎంత ఎత్తున ఉండేదో చెబుతున్నారు.